గాలిమర: లాభమెవరికి, నష్టమెవరికి?



గాలి అందరిది. అది నేడు గాలిమరలను త్రిప్పి మనకు కరెంటు నిచ్చుచున్నది. ఇది మేలైన కార్యమే. బొగ్గు మండించినప్పటివలె ఇందులో పొగ లేదు, బూడిద లేదు. అయితే గాలి మన మాట వినదు. దాని వేగము రెట్టింపైనయెడల అందలి శక్తి ఎనిమిది రెట్లగును. రాయలసీమలో నైరుతి గాలులు వీచు నెలలలో మరలు జోరుగా తిరుగును. తక్కిన కాలములో మందగించును. కనుక వేరొక ఆధారము కూడ ఉండవలెను.

ఇంతకంటె బరువైన ప్రశ్న యొకటి గలదు. అనంతపురము ప్రాంతమున కల్పవల్లి అను అడవి యున్నది. 1990 దశకమునుండి చుట్టుపట్ల గ్రామస్థులు బోడికొండలను కాపాడి దానిని పెంచిరి. సర్కారు లెక్కలలో అది బంజరు. గొఱ్ఱెల కాపరులకు అది మేతభూమి. 2010 ప్రాంతమున గాలిమరల కొరకు ఆ కొండలను త్రవ్వి బాటలు వేసిరి. చెట్లు పోయెను, గడ్డి తగ్గెను, వానకు మన్ను కొట్టుకొనిపోయెను. దీపము దూరమున వెలిగెను. నష్టము మాత్రము కాపరికి మిగిలెను.

కాబట్టి గాలిమర వద్దందుమా? అట్లు కాదు. గోపురము కట్టువాడు ముందుగా లెక్క చూచుకొనవలెనను ఉపమానము మనమెరిగినదే. ఆ లెక్కలో ఇనుము, సిమెంటు మాత్రమే గాక, పొరుగువాని మేతభూమియు చేరవలెను. కాగితముమీద బంజరని వ్రాసినంత మాత్రాన ఆ భూమి ఎవరికిని అక్కరలేనిది కాదు. మన గ్రామమునకు మరలు వచ్చునప్పుడు, పొలమున్నవానినే గాక పొలములేని కాపరినికూడ గ్రామసభకు పిలిచి అడుగుడి. లాభము పొందువారే నష్టమును భరింపవలెను. అదే న్యాయము.