పాడినవారి పేరు: ఉద్దానం నేపథ్యంలో సంగీత పరిశోధన పద్ధతిపై ఒక నైతిక విచారణ

సంగీతంలో స్నాతకోత్తర విద్యార్థులకు బోధించే పరిశోధన పద్ధతుల్లో క్షేత్రపర్యటనకు నిర్దిష్టమైన స్థానం ఉంది. ధ్వనిముద్రణ ఎలా చేయాలి, ఆధారశ్రుతిని ఎలా గుర్తించాలి, విన్నదానిని స్వరలిపిలోకి ఎలా తేవాలి అన్న విషయాలను వివరంగానే చెబుతారు. పాడినవారి పేరు రాయాలా, దాచాలా అన్న ప్రశ్న మాత్రం అనుమతి పత్రంపై సంతకంతో తీరిపోయినట్టు భావించడం పరిపాటి. పలాస, టెక్కలి పరిసరాలకు, ఉద్దానం తీరానికి పాటల కోసం వెళ్ళే విద్యార్థికి అది అంత సులువుగా తీరే ప్రశ్న కాదు.

జీడి, కొబ్బరి తోటల ఉద్దానానికి ‘నమూనా’ అన్న మాట కొత్తది కాదు. కారణం ఇదమిత్థంగా తేలని మూత్రపిండాల వ్యాధి అక్కడ ఏళ్ళ తరబడి ప్రబలింది. వైద్య పరిశోధకులు పలుమార్లు వచ్చి రక్తం, మూత్రం, తాగునీరు సేకరించుకుని వెళ్ళారు. పలాసలో 200 పడకల కిడ్నీ పరిశోధన ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఇన్ని సేకరణలు చూసిన ఊరిలో, పాటను కూడా ఒక నమూనాగా అడిగే విద్యార్థిని “ఇది అట్టుకెళ్ళి ఏటి సేత్తారు బాబూ?” అని ఎవరైనా అడిగితే ఆశ్చర్యపడవలసింది లేదు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పగలగడం కూడా పద్ధతిలో భాగమే.

మానవ విషయక పరిశోధనలకు నేడు వాడుకలో ఉన్న నైతిక నియమాలు ప్రధానంగా వైద్యరంగం నుంచి వచ్చాయి. 1947 నాటి న్యూరెంబర్గ్ నియమావళి, 1964 నాటి హెల్సింకీ ప్రకటన వాటికి మూలాలు. రోగి పేరు గోప్యంగా ఉంచడం ఆ నియమాల్లో ముఖ్యమైనది. రక్తనమూనా ఎవరిదో తెలిస్తే ఆ వ్యక్తి వివాహానికో, ఉపాధికో, గౌరవానికో భంగం కలగవచ్చు కనుక అక్కడ అజ్ఞాతత్వం రక్షణ. ఇదే నియమాన్ని యథాతథంగా పాటకు వర్తింపజేస్తే ఫలితం తలకిందులవుతుంది. రక్తం ఎవరి ప్రతిభా కాదు. పాట పాడినవారి సాధన. పేరు తీసివేసిన పాట సిద్ధాంతగ్రంథంలో ‘సేకరణ’గా మిగులుతుంది, సేకరించినవారి పేరొక్కటే నిలుస్తుంది.

శాస్త్రీయ సంగీతం విషయంలో ఇదే పరిశోధకుడు ఇలా ప్రవర్తించడు. కృతిలో వాగ్గేయకారుని ముద్ర ఉంటుంది. పాఠాంతరం ఏ గురువు వద్ద నేర్చినదో చెప్పడం మర్యాద. 1904లో సుబ్బరామ దీక్షితులు ప్రకటించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ కృతుల స్వరూపాన్ని గమక సంకేతాలతో సహా తెలుగు లిపిలో నిలిపింది. శ్రీకాకుళం జిల్లాలోనే జన్మించిన శ్రీపాద పినాకపాణి ‘సంగీత సౌరభం’లో పాడే తీరును సూక్ష్మంగా స్వరపరచడానికి ఎంత శ్రమించారో సంగీతాభ్యాసకులకు తెలుసు. ఎవరి బాణీ అన్నది అక్కడ ప్రమాణానికి సంబంధించిన విషయం. జముకుల కథ చెప్పే కళాకారునికీ గురువు ఉంటాడు, బాణీ ఉంటుంది. జముకు తంతిని బిగిస్తూ, సడలిస్తూ మీటడంలో నాదం జారే తీరు చేతిని బట్టి మారుతుంది. ఆ చేతిని ‘జానపదుడు’ అన్న జాతివాచకం కింద చేర్చడం నైతిక లోపమే కాదు, శాస్త్రదృష్టిలో కూడా లోపమే.

చట్టం ఇక్కడ కొంతవరకే తోడు వస్తుంది. 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో జరిగిన సవరణ గాయకులకు, వాద్యకారులకు ప్రదర్శకుల హక్కు కల్పించింది. 2012 సవరణతో చేరిన 38బి సెక్షన్ ప్రదర్శకునిగా గుర్తింపు కోరే హక్కును ఇచ్చింది. అయితే 39వ సెక్షన్ ప్రకారం నిజమైన బోధన, పరిశోధనల కోసమే చేసే ధ్వనిముద్రణ ఆ హక్కుకు ఉల్లంఘన కాదు. పరిశోధకుడు దోషి కాకుండా ఉండడానికి ఇది చాలు. ఉద్దానంలో అడిగిన ప్రశ్నకు సమాధానంగా మాత్రం చాలదు.

అలాగని ప్రతి పేరూ అచ్చువేయడమే ధర్మం అనడానికి వీల్లేదు. ఈ నేలకే చెందిన ఉదాహరణ ఒకటి దానికి అడ్డుపడుతుంది. బొడ్డపాడులో అర్చకుడిగా ఉన్న సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథను శ్రీకాకుళ రైతాంగ పోరాట ప్రచారానికి మలచుకున్నాడు. 1969 డిసెంబరులో పోలీసుల చేతిలో మరణించాడు. అలాంటి కాలంలో ఎవరు పాడారన్నది సాహిత్య చరిత్రకారునికే కాదు, పోలీసులకూ కావలసిన వివరమే. ఆ పాటలను జ్ఞాపకం నుంచి పాడే వృద్ధురాలు ఈనాటికీ తన పేరు వద్దంటే, ఆ భయం తీరిపోయిందని తీర్పు చెప్పే అధికారం విద్యార్థికి లేదు. వ్యాధితో పోయిన బిడ్డను తలచుకుని పాడిన శోకగీతం విషయంలోనూ అంతే. అక్కడ పాట, రోగ వివరం ఒకే గొంతులో కలిసి ఉంటాయి.

పేరు లేకపోతే పరీక్షకుడు సాక్ష్యాన్ని ఎలా సరిచూస్తాడన్నది న్యాయమైన ఆక్షేపణే. పూర్తి వివరాలను విశ్వవిద్యాలయం గోప్యంగా భద్రపరిచి, గ్రంథంలో పేరు ఎవరి కోరికపై విడిచిపెట్టారో చెప్పడం దానికి తగిన మార్గం. ఒడ్డుకు వల లాగుతూ పదిమంది కలిసి పాడిన పాటకు ఎవరి పేరు అన్నది మరింత చిక్కు. పాట ఎత్తుకున్నవారిని, అందుకున్నవారిని విడివిడిగా నమోదు చేయడం కొంత మేలు. “ఇది నాది కాదు, మా గురువుది” అని గాయకుడు అంటే ఆ మాటనూ పాఠాంతరంగానే స్వీకరించాలి.

వీటన్నింటికీ ఒక షరతు ఉంది: అనుమతి ఒక్కసారి అడిగితే సరిపోదు. పాడిన రోజున ఇచ్చిన సమ్మతికి, అచ్చులో తన పేరు ఎలా కనబడుతుందో తెలిసి ఇచ్చే సమ్మతికి భేదం ఉంది. ఆర్నాల్డ్ బాకె 1938లో దక్షిణ భారతంలో చేసిన ధ్వనిముద్రణలను వెంటబెట్టుకుని నజీర్ జైరాజ్‌భాయ్, ఏమీ కాట్లిన్ 1984లో అవే ప్రాంతాలకు తిరిగి వెళ్ళారు. తిరిగి వెళ్ళడానికి అక్కడ నలభయ్యారేళ్ళు పట్టింది. చివరి సెమిస్టరులో లఘు పరిశోధన సమర్పించే ఎం.ఏ. విద్యార్థికి ఉద్దానం వెళ్ళడానికే వారం దొరకడం గగనం. స్వరలిపి ప్రతినీ, ధ్వనిముద్రణనూ తీసుకుని పాడినవారికి వినిపించడానికి చేసే రెండో ప్రయాణానికి సాధారణంగా మార్కులు లేవు.