ఎవరి సంతకం?

రావికమతం నుంచి నర్సీపట్నం ఎంతో దూరం లేదు. అక్కడ ఇద్దరు తెల్ల అధికారుల సమాధులున్నాయి: స్కాట్ కవర్డ్, హైటర్. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో అల్లూరి సీతారామరాజు దళం మాటువేసింది. ముందు నడిచిన దేశీ పోలీసుల్ని పోనిచ్చి, వెనక వచ్చిన ఈ ఇద్దర్నీ కాల్చింది. ఎవర్ని వదిలేయాలో మనిషి కన్నే తేల్చింది.

ఇవాళ అదే అడవి మీద డ్రోన్ ఎగిరిందనుకుందాం. పొదల్లో కదులుతున్నది సాయుధుడా, సంత నుంచి కావడి మోసుకొస్తున్న గిరిజనుడా? సాయుధుడే, తొంభై శాతం అంటుంది యంత్రం. మిగిలిన పది శాతం ఎవరి ఖాతాలో రాసుకోవాలి?

ఈ ప్రశ్న అడగాల్సిన గదులు మన దగ్గరా ఉన్నాయి. సికింద్రాబాద్ సైనిక్‌పురిలో 1970లో మొదలైన కాలేజ్ ఆఫ్ డిఫెన్స్ మేనేజ్‌మెంట్, కల్నల్ హోదా అధికారులు మళ్లీ విద్యార్థులయ్యే చోటు. అలాంటి క్లాసులో కృత్రిమ మేధ ఎలా పనిచేస్తుందో చెప్పడం తేలికే. ఇరవై ఏళ్లు ఆజ్ఞ పాటించిన మనిషికి తెర మీది అంకె కూడా పైనుంచి వచ్చిన ఆజ్ఞలాగే వినిపిస్తుంది. అది ఒట్టి అంచనా అనీ, ఆజ్ఞ తనదేననీ ఒప్పించడమే కష్టం. అతిగా సందేహిస్తే సొంత జవాన్లు పోతారని అతనూ వాదిస్తాడు. అందులో అబద్ధమేమీ లేదు.

చింతపల్లి ఠాణాలో తుపాకులు పట్టుకెళ్తూ, ఎన్ని తీసుకున్నదీ రికార్డులో రాసి మరీ సంతకం పెట్టాడు రాజు. మనం ఎవరి పక్షమైనా, ఆ పనికి ఒక పేరుంది. యంత్రానికి సంతకం రాదు. ఎవరో ఒకరు పెట్టాల్సిందే.