కృతజ్ఞతకు కొలమానమున్నదా?

శ్రీ విష్ణుసహస్రనామ పారాయణము నిత్యము జరుగు గృహములలో ‘కృతజ్ఞః’ అను నామము ప్రతిదినము చెవిని పడుచునే యుండును. చేయబడినదానిని ఎరిగినవాడు అని ఆ పదమునకు సామాన్యార్థము. వాల్మీకి మహర్షి నారదుని సమీపించి, ఈ లోకమున ఇప్పుడు సకలగుణసంపన్నుడగు పురుషుడెవడని ప్రశ్నించినపుడు, ఆయన ఎంచి అడిగిన గుణములలో ధర్మజ్ఞత ప్రక్కనే కృతజ్ఞతయు నిలిచినది. అంతటి మాటను విమానప్రయాణమునకు అన్వయింపబూనుట పాఠకులకు వింతగా తోచవచ్చును. కాని ఆ మాటయొక్క అర్థమునుగూర్చి నాకు సందేహము కలిగినది దేవాలయమున గాదు, పురాణకాలక్షేపమున గాదు, విమానములోనే.

కొంతకాలము క్రిందట మేము దంపతులము అమెరికాలోనున్న మా అమ్మాయి యింటికి పోయి, అక్కడినుండి ఆ దేశముననే వేరొక నగరమునకు ప్రయాణము చేయుచుంటిమి. మూడు సీట్ల వరుసలో కిటికీ ప్రక్క నా సహధర్మచారిణి, నడుమ నేను, ఇవతల అంచున అరువది యేండ్లు దాటిన ఒక పెద్దమనిషి. విమానము పైకి లేచి నిలకడ చెందిన పిమ్మట ఎయిర్ హోస్టెస్ ఒకామె వచ్చి, ఆయనను పేరుపెట్టి పలుకరించి, క్రిందికి వంగి మెల్లగా ఏదో చెప్పి, మడిచిన చిన్న కాగితమొకటి చేతికిచ్చి పోయినది. ఆయన దానిని రెండుమారులు చదువుకొని చొక్కా జేబులో భద్రపరచుకొనెను.

“ఏమండీ, ఆయన ఏం చేశారని ఆ అమ్మాయి అంత వినయంగా చెప్పి వెళ్ళింది?” అని నా సహధర్మచారిణి అడిగినది.

ఆయననే అడిగి తెలిసికొంటిని. ఆ సంస్థవారి విమానములలో ఆయన పది లక్షల మైళ్ళు పూర్తి చేసినారట. పనివారందరును కలిసి ధన్యవాదములు వ్రాసి యిచ్చినారట.

“తిరిగింది ఆయన పనికోసమే కదా? వీళ్ళూ డబ్బు పుచ్చుకునే కదా తిప్పారు?” అని ఆమె మరల ప్రశ్నించినది.

ఆ ప్రశ్నకు అప్పుడు నావద్ద సమాధానము లేకపోయినది.

ఈ ఆచారము ఎట్లు పుట్టినదో ఎరిగినగాని ప్రశ్నలోని కష్టము బోధపడదు. అమెరికాలో విమాన ఛార్జీలను, మార్గములను పూర్వము ప్రభుత్వమే నిర్ణయించెడిది. 1978లో ఆ నియంత్రణమును తొలగించు చట్టము వచ్చినది. ఆపై ఎవరి ధర వారిది. ధర తగ్గిన చోటికి ప్రయాణికుడు మరలిపోవుట సహజము గనుక, అతనిని తమవద్దనే నిలుపుకొను ఉపాయమును సంస్థలు వెదకినవి. 1979లో టెక్సాస్ ఇంటర్నేషనల్ అను సంస్థ ప్రయాణించిన మైళ్ళను లెక్కించి ప్రతిఫలమిచ్చు పద్ధతిని ఆరంభించినది. 1981 మే 1వ తేదీన అమెరికన్ ఎయిర్‌లైన్స్ దానిని పెద్దయెత్తున ప్రవేశపెట్టగా, కొలది దినములలోనే యునైటెడ్ సంస్థయు అనుసరించినది. తమవద్ద తరచు ప్రయాణించువారెవరో తెలిసికొనుటకై అమెరికన్ సంస్థవారు రిజర్వేషన్ కంప్యూటరులో మరల మరల కనబడు టెలిఫోను నంబరులను వెదకించిరి. అనగా, కృతజ్ఞత చూపవలసిన వారిని మొట్టమొదట గుర్తుపట్టినది మనిషి కాదు, యంత్రము.

నేడు ఈ లెక్క మిక్కిలి విస్తరించినది. వెండి, బంగారము, ప్లాటినము అని మెట్లు. ఒక యేడు ఎక్కిన మెట్టు సాధారణముగా ఆ మరుసటి యేటివరకే చెల్లును; ప్రయాణములు తగ్గినచో దిగిపోవలసినదే. పది లక్షల మైళ్ళు దాటినవారికి మాత్రము కొన్ని సంస్థలలో జీవితాంతము నిలుచు గౌరవము కలదు. పది లక్షల మైళ్ళనగా చంద్రునివద్దకు రెండుమారులు పోయివచ్చినంత దూరము! మరియొక విశేషము. 2015లో డెల్టా, యునైటెడ్ సంస్థలును, 2016లో అమెరికన్ సంస్థయు ఈ బహుమతి మైళ్ళను తిరిగిన దూరమునుబట్టి గాక, చెల్లించిన సొమ్మునుబట్టి ఇచ్చుట ఆరంభించినవి. పేరు మైళ్ళే, కొలత డాలరు. ఒకే విమానమున, ఒకే వరుసలో, ఒకే దూరము పోయిన ఇరువురిలో ఎక్కువ ధర చెల్లించినవాడు ఎక్కువ మైళ్ళు ప్రయాణించినట్లు లెక్క! మన గ్రామములలో కుంచము మార్చి కొలిచిన వ్యాపారిని ఏమందుమో పాఠకులకు తెలియును.

పరిచారికల చేతిలో ఇప్పుడు ఒక చిన్న యంత్రముండును. ఏ సీటులో ఎవరు కూర్చుండిరో, వారిది ఏ మెట్టో అందులో కనబడును. కనుక ఆమె ఆయనను పేరుపెట్టి పిలుచుట జ్ఞాపకమువలన గాదు. శబ్దార్థమును మాత్రమే పట్టుకొన్నచో, చేయబడినదానిని సంపూర్ణముగా ఎరిగినది ఆ యంత్రమే. మనిషి మరచును, అది మరువదు. ఐనను దానిని కృతజ్ఞమని ఎవరును అనరు. ఎందుచేత?

శ్రీమద్భాగవతమున నృసింహస్వామి వరము కోరుకొమ్మన్నపుడు ప్రహ్లాదుడిచ్చిన సమాధానము ఇచ్చట జ్ఞప్తికి వచ్చుచున్నది. ప్రభువునుండి ప్రయోజనము నాశించి సేవించువాడు సేవకుడు కాడు, వర్తకుడు అని ఆ బాలుడు మొదట చెప్పెను. ఈ భాగమును ఉపన్యాసకులు తరచు చెప్పుదురు. దాని వెంట వచ్చు రెండవ మాటను అంతగా చెప్పరు. సేవకునిపై తన ఆధిపత్యమును నిలుపుకొనగోరి వరములిచ్చువాడు ప్రభువును కాడు అని ఆ మాట. ఇది పసివాడు సాక్షాత్తు స్వామి ముందు నిలిచి పలికిన మాట యని తలచినపుడు ఒడలు గగుర్పొడుచును. మైళ్ళకొరకు ఒక సంస్థను అంటిపెట్టుకొన్న ప్రయాణికుడు, అతడు జారిపోకుండుటకై బహుమతులిచ్చు సంస్థ, ప్రహ్లాదుని త్రాసున ఇరువురును వర్తకులే. వర్తకము దోషము గాదు. గృహస్థులమగు మనము దానివలననే బ్రతుకుచున్నాము. కాని ఈ బేరమునకు వారు పెట్టుకొన్న పేరు ‘లాయల్టీ’, అనగా విశ్వాసము. తరతరములుగా ఒకే ఇలవేల్పును కొలుచు కుటుంబములవారు ఆ పదమును ఇంత సులభముగా వాడరు.

ఐతే ఈ బేరమున పరిచారిక ఎవరు? ఆమె కొన్నదీ లేదు, అమ్మినదీ లేదు. ఆ పెద్దమనిషి పది లక్షల మైళ్ళు తిరిగినందువలన ఆమె జీతమున ఒక్క డాలరు పెరుగదు. 1983లో ఆర్లీ హోక్‌షిల్డ్ అను సమాజశాస్త్రవేత్త డెల్టా సంస్థ పరిచారికల జీవితమును పరిశీలించి ఒక గ్రంథము ప్రకటించినది. విమానమును తమ యింటి ముందుగదిగా, ప్రయాణికుని అతిథిగా భావింపుమని వారికి శిక్షణలో నేర్పుదురని ఆమె వ్రాసినది. చిరునవ్వు కూడ ఉద్యోగములో భాగమైనపుడు, ఆ నవ్వు తనదో యజమానిదో నవ్వినవారికే తెలియకుండ పోవునని ఆమె బాధ. ఇంకొక సంగతి వినుడు. అమెరికాలో చాలకాలము పరిచారికలకు గంటల జీతము విమానము తలుపు మూసిన తరువాతనే ఆరంభమయ్యెడిది. ప్రయాణికులు ఎక్కు సమయమున, అనగా గుమ్మమున నిలిచి స్వాగతము పలికి, సామానులు సర్ది, పసిపిల్లల తల్లులకు చేయూతనిచ్చు సమయమున, ఆ జీతము లేదు. డెల్టా సంస్థ 2022లో ఆ సమయమునకు సగము రేటున చెల్లింప మొదలిడినది. 2024లో అమెరికన్ సంస్థలోను అట్టి ఒప్పందము కుదిరినది. ఇన్నియేండ్లు ఆ స్వాగతము ఎవరి ఖర్చుతో జరిగినట్లు? సంస్థ తన కృతజ్ఞతను పరుల చేత ఉచితముగా చెప్పించుకొన్నది అనవలసి వచ్చును.

ఇట్లు విచారింపగా ఆ చీటీ వట్టి నటన యనిపించును. నేనును అట్లే అనుకొని కొంతసేపు ఊరకుంటిని. తరువాత నా తీర్పు తొందరపాటని తోచినది.

2007లో వాల్ స్ట్రీట్ జర్నల్ పత్రిక యునైటెడ్ సంస్థకు చెందిన డెన్నీ ఫ్లానగన్ అను కెప్టెనును గూర్చి వ్రాసినది. ఆయన మొదటి తరగతి ప్రయాణికులకు, తరచు ప్రయాణించువారికి తన విజిటింగ్ కార్డు వెనుక స్వహస్తముతో పేరుపేరున ధన్యవాదములు వ్రాసి పంపెడివాడు. ఇంతమాత్రమే ఐనచో అది పట్టికను జూచి చేసిన పని. కాని ఆయన అంతటితో ఆగలేదు. విమానము ఆలస్యమై ప్రయాణికులు చిక్కుకొన్నపుడు అందరికిని ఆహారము తెప్పించెడివాడు. ఒంటరిగా పోవు పిల్లల తలిదండ్రులకు తానే ఫోను చేసి సమాచారము చెప్పెడివాడు. సామానుల అరలో పెంపుడు జంతువులున్నచో వాటి ఫోటో తీసి, కంగారుపడుచున్న యజమానులకు చూపెడివాడు. ఆ కుక్కపిల్లకు ఏ మెట్టున్నది? పట్టికనుండి మొదలుపెట్టిన మనసు పట్టిక దాటిపోయినది. కృతజ్ఞత నిజమో కాదో చీటీని చూచి చెప్పలేము. చీటీ అందనివారియెడ అదే చేయి ఎట్లున్నదో చూచి కొంత చెప్పవచ్చును.

స్కాండినేవియా దేశముల విమాన సంస్థకు అధిపతిగా నున్న యాన్ కార్ల్‌జాన్ 1980ల దశకమున ఒక లెక్క చెప్పెను. సంవత్సరమునకు తమ కోటిమంది ప్రయాణికులలో ఒక్కొక్కరు సుమారు ఐదుగురు ఉద్యోగులను కలిసికొందురు, ఆ కలయిక ఒక్కొక్కటి సగటున 15 సెకండ్లు మాత్రమే యని. ఆయన వర్తకదృష్టితో చెప్పినను నాకిది వేరొక దృష్టితో తోచుచున్నది. యజమాని ఆజ్ఞ ఆమెను సీటువరకు తీసికొనివచ్చును. ఆ పదియేను సెకండ్లలో ఎదుటివానిని చూచుటయో చూడకపోవుటయో ఆమె చేతిలోనే యున్నది.

శ్రీరాముడు తనకెవరైన ఏదో విధముగ ఒక్క ఉపకారము చేసినను దానితోనే తృప్తిపడును, నూరు అపకారములు చేసినను తలపడు అని అయోధ్యకాండ చెప్పుచున్నది. ఏ సంస్థయు ఈ రీతిని లెక్కలు నడుపజాలదు, నడిపినచో మూతపడును. కాని ఒక పరిచారికకు, ఒక కెప్టెనుకు అది సాధ్యమే. లెక్క సంస్థది గదా, వారిది గాదు. ఒక్కమారు విమానమెక్కి, మరల జన్మలో ఎక్కని వృద్ధులు మన ప్రాంతమునుండి ఎందరో పోవుచున్నారు. బిడ్డ కాన్పుకనియో, మనుమని చూచుటకనియో, మందుల సంచి ఒడిలో పెట్టుకొని, ఏ బటను నొక్కిన ఏమగునో యని భయపడుచు ముడుచుకొని కూర్చుందురు. వారిపేర ఏ మైళ్ళును లేవు. ఆ సంస్థకు వారు మరల దొరకరు. (ఇట్లనుచు మనము మాత్రము పట్టికలు వ్రాసికొనమా? కొండకు నేను ఇన్నిమార్లు నడచి ఎక్కితినని లెక్క చెప్పి, క్యూలో మొదటిమారు వచ్చినవానికంటె తాను స్వామికి దగ్గరవాడనని భావించువారిని నేను చూచితిని. ఒకప్పుడు నేనే ఆ లెక్క చెప్పితిని.)

మరల మా విమానమునకు వచ్చెదను. నా సహధర్మచారిణి బయటి పదార్థము ముట్టదు. ఆమెకు ఆనాడు దగ్గు పట్టుకొన్నది. అడుగుటకు భాష రాదు, నన్ను అడుగనియ్యదు. ఆ పరిచారికయే రెండుమార్లు వేడినీరు కాగితపు గ్లాసులో తెచ్చి, చేయి కాలకుండ చుట్టూ రుమాలు చుట్టి, ఆమె చేతికిచ్చి పోయినది. మేము ఏ మెట్టువారమును కాము.

పెద్దమనిషి ఇది గమనించుచునే యుండెను. సంస్థనుండి ఏటేట వచ్చు అచ్చు ఉత్తరములను తాను విప్పకనే పారవేయుదుననియు, ఇట్టి చేవ్రాత చీటీలను మాత్రము ఇంట ఒక సొరుగులో దాచుదుననియు నాతో చెప్పెను. పిమ్మట తన సంచినుండి అచ్చువేసిన ఒక పత్రమును తీసెను. పై మెట్టు ప్రయాణికులకు సంస్థవారు ఇట్టివి కొన్ని పంపుదురట. సిబ్బందిలో ఎవరైన మంచిపని చేసినచో వ్రాసి వారికిచ్చుటకు. ఇన్నాళ్ళు దానిని వాడలేదనియు, ఎవరికివ్వవలెనో ఎప్పుడును తోచలేదనియు చెప్పి, మా సీటు సంఖ్యను అడిగెను. తనకు చీటీ యిచ్చిన సంగతి అందులో వ్రాయలేదు. కిటికీ ప్రక్క కూర్చున్న పెద్దావిడకు అడుగకయే వేడినీరు తెచ్చి యిచ్చినదని వ్రాసెను.

“ఏం రాశారు?” అని నా సహధర్మచారిణి అడిగినది. చెప్పితిని.

ఆమె కొంచెముసేపు మాటాడలేదు. తరువాత, “ఆ అమ్మాయి పేరు సరిగ్గా రాశారో లేదో ఒకసారి చూసుకోమనండి” అన్నది.