అడుగువైపు పని

పరులు చూచు పనిని చక్కగా చేయుటకు కీర్తికాంక్ష చాలును, కూలి చాలును, ఒక్కొక్కప్పుడు భయమే చాలును. ఎవరును చూడని పనిని చక్కగా చేయుటకు కారణ మేమి యుండవలయును? ఈ ప్రశ్న మిగుల పాతది. దీనిని వేదాంతగ్రంథములను బట్టి కాక, ఒక పాత వ్యానుయొక్క అడుగుభాగమును బట్టి విచారింప దలచితిమి. విషయము నీచమని చదువరులు పత్రికను మడిచి పెట్టకుందురు గాక.

గోరంట్లనుండి హిందూపురమునకును పెనుకొండకును పోవు బాటలమీద బెల్లపు దిమ్మలను, చింతపండు గోనెలను, పెండ్లివారిని మోసిన మెటాడోరు వ్యానులు నడివయసు దాటినవారికి జ్ఞాపకముండును. జర్మనీదేశపు హానోమాగు నమూనా ననుసరించి బజాజ్ టెంపో వారు వీనిని నిర్మించిరి. ఆ సంస్థ 2005లో ఫోర్సు మోటార్సను పేరు దాల్చినది. మెటాడోరు నిర్మాణము మాత్రము నిలిచిపోయినది. 1970వ దశకపు తొలి వ్యానులకు ఇప్పు డేబది యేండ్లు నిండినవి. 2021 జులైలో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషను జరిగి యేబది యేండ్లు దాటి, వ్యాపారమున కుపయోగింపబడక, మూలరూపము చెడక యున్న బండి వింటేజి బండిగా నమోదు కావచ్చును. క్రొత్తగా నమోదు చేయుటకు రుసుము 20,000 రూపాయలు. పాతయినుప సామానుతో తూకమునకు పోవలసిన బండి కిట్లొక వృద్ధగౌరవము లభించెను.

ఇట్టి బండిని బాగుచేయించువాడు మొదట దేనికి ధనము వెచ్చించును? పైరంగునకు. పిమ్మట సీట్లకు, దీపములకు, అద్దములకు. టింకరింగు పనివాడు, "అయ్యా, అడుగు కూడ చూడవలెను" అని యన్నచో, యజమాని చెప్పు సమాధానము సిద్ధముగా నుండును: ఇది యెండిన సీమ, ఇచ్చట త్రుప్పెక్కడిది? పైగా ఈ బండి ఏడాదికి నాలుగుమార్లు కదలును. దాని పొట్ట నెవడు వంగి చూచును?

ఈ వాదములో సగము సత్యము కలదు. పూర్వపు అనంతపురము జిల్లాలో కురియు వాన సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లే. కాని త్రుప్పు జిల్లా లెక్కలను చూడదు. ఇనుము, నీరు, గాలి యీ మూడును ఒకచోట కూడిన చాలును. చక్రములు విసరిన ఎఱ్ఱమట్టి చాసీ మూలలలో, రేకుల మడతలలో గట్టిపడి, వాన వెలిసిన చాల దినముల వఱకు తేమను విడువదు. కంకరరాళ్లు తగిలి రంగు పెచ్చులూడినచోట ఇనుము నగ్నముగా నుండును. ఇక కదలని బండికి క్షేమ మనుట భ్రమ. తిరుగు బండి గాలికి ఆరును. మట్టినేలమీద నిలిచిన బండి నేలనుండి లేచు చెమ్మను రాత్రింబవళ్లు పీల్చును.

పని యెట్టిదో కొంచెము వివరింతుము. బండిని జాకీతో లేపి, ఆ జాకీని నమ్మక క్రింద గట్టి దిమ్మలు పెట్టి, మట్టిని నీటిధారతో కడుగవలయును. గ్రీజును, నూనెజిడ్డును పోగొట్టవలయును. జిడ్డుమీద ఏ రంగును నిలువదు. తరువాత సుత్తితో మెల్లగా తట్టి చూడవలయును. మంచి యినుము ఖంగున మ్రోగును. తిన్న యినుము మూగపోవును. తిన్నదానిని కోసి క్రొత్త రేకు వెల్డింగు చేయవలయునే గాని, పుట్టీతో పూడ్చరాదు. వైరు బ్రష్షుతో త్రుప్పు రాల్చిన పిమ్మట మిగిలిన మచ్చలకు భాస్వరికామ్లము గాని టానికామ్లము గాని పూయుదురు. కరకకాయయు అన్నభేదియు కలిపి మన పెద్దలు సిరా చేసినప్పుడు జరిగిన మార్పే టానికామ్లముచే నిచ్చటను జరిగి, ఎఱ్ఱని త్రుప్పు నల్లని పొరగా మాఱును. దానిమీద ప్రైమరు, అతుకులలో సీలరు, ఆపైన చాసీనలుపు, చక్రముల దగ్గఱ రాళ్లదెబ్బ కోర్చు రబ్బరుపూత. బ్రేకుల రబ్బరుగొట్టములకు, పొగగొట్టమునకు, గ్రీజు పెట్టు ముక్కులకు రంగు సోకరాదు. నిర్మాతలు నీరు కారిపోవుటకై విడిచిన చిన్న రంధ్రములను తారుతో మూయుట అన్నింటికంటె చెడ్డపని. అప్పుడు రక్షణమే లోపల నీరు నిలిపి యినుమును కుళ్లించును.

ఇచ్చటనే మన ప్రశ్న పదునెక్కుచున్నది. పైని చెప్పిన పనికి వారములు పట్టును. అదే నల్లని తారును, ఏమియు గోకక, మట్టిమీదనే, త్రుప్పుమీదనే ఒక పూటలో పూయవచ్చును. ఆరిన పిమ్మట రెండును ఒక్కటిగానే కనబడును! పైగా రెండవదియే మొదట నిగనిగలాడును. పాత బండి నమ్మదలచినవాడు అమ్మకమునకు ముందు అడుగునకు తారు పూయించుట సంత లెఱిగిన వారికి క్రొత్త సంగతి కాదు. రంధ్రము కనబడదు, తిన్న బ్రేకుగొట్టము కనబడదు, కొన్నవాడు భార్యాబిడ్డలను కూర్చుండబెట్టుకొని పెనుకొండ కొండదారి పట్టును. రక్షించు పూతయు వంచించు పూతయు ఒకే డబ్బాలోనివి. భేదము పూతలో లేదు, పూతకు ముందు జరిగిన దానిలో కలదు. అది తెలిసినవాడు క్రింద పరుండి పనిచేసినవాడొక్కడే.

మన గృహిణులకు ఈ వివేకము క్రొత్త కాదు. ధర్మవరపు పట్టుచీర కొనునప్పుడు వారు జరీ తళుకునకు లోబడక, అంచును త్రిప్పి లోపలివైపు చూతురు. దారము లెట్లు ముడిపడినవో, ఎట్లు తెగినవో అచ్చటనే తెలియును. ఇత్తడిగిన్నెకు కళాయి పూయించునప్పుడును బయటి మెఱుపు నడుగక లోపల వ్రేలితో రుద్ది చూతురు. ఇంతటి పరీక్షకులు బండి కొనునప్పుడు మాత్రము పురుషులవెనుక మౌనముగా నిలుచుండుట మనకు మంచిది కాదు. మన ప్రాంతమున జనులు వంగి క్రిందివైపు చూచు ప్రసిద్ధమైన చోటు ఒకటి కలదు: లేపాక్షిలోని వ్రేలాడు స్తంభము. దానిక్రింద గుడ్డ దూర్చి యాశ్చర్యపడినవారు తాము వచ్చిన బండి క్రింద నేమున్నదో చూడక యెక్కి పోవుదురు.

పెనుకొండయొద్ద ఎఱ్ఱమంచిలో 2019నుండి కియా కర్మాగారమున కార్లు తయారగుచున్నవి. ఈ కాలపు కర్మాగారములలో కారు దేహమును మొత్తముగా ప్రైమరు తొట్టిలో ముంచి, విద్యుత్ప్రవాహముచే ఆ పూతను మూలమూలలకు పట్టింతురు. ఫోర్డు సంస్థ 1960వ దశకమున దీని నారంభించినది. యంత్రమునకు పైవైపు, క్రిందివైపు అను భేదము లేదు. కావున అచ్చట మన ప్రశ్నయే పుట్టదు. పాత వ్యానునకు అట్టి స్నానము లేదు; దానికి మనుష్యుని చేయియే గతి, ఆ చేతికి అలసట కలదు, ఆశ కలదు.

"భగవంతుడు చూచుచున్నాడు, అదియే చాలును" అని కొందఱు పెద్దలు చెప్పుదురు. ఈ మాట నవమానింపము. కాని యిది చూడని పనికి ఒక చూపరిని సమకూర్చి ప్రశ్నను దాటవేయుటయే గాని ఉత్తరము కాదు. భయముతో చేసిన పని భయము తీరినంతనే ఆగును. మాకు తోచిన దిది. చూడని పని యని మన మనునది చాలవఱకు ఆలస్యముగా చూడబడు పని. పదునాఱు శతాబ్దములుగా త్రుప్పు పట్టదని లోకము కొనియాడిన ఢిల్లీ యినుపస్తంభమును 1961లో త్రవ్వి చూడగా, భూమిలో నున్న భాగము త్రుప్పుపట్టి యుండెను. దానికి సీసపు తొడుగు వేసి మరల నిలిపిరి. వ్యాను క్రింద ఇరువది యేండ్ల తరువాత మఱియొక పనివాడు పరుండును. వాని కండ్లలో రాలునది మన పని. వా డిప్పుడు మనలను అడుగలేడు, అప్పుడు మన ముండము. అడుగలేని వానికి ఇచ్చిన మాట కనుకనే అది బరువైనది.

అట్లే ఇప్పుడు క్రింద పరుండిన వానిని మఱవరాదు. పూర్వము ఇనుమునకు మొదటి పూతగా సిందూరము, అనగా సీసపు రంగు, వాడుచుండిరి. పాత పూతను పొడిగా గోకినచో ఆ సీసము ధూళియై పనివాని యూపిరితో లోని కేగును. గృహములకు వాడు రంగులలో సీసము పదిలక్షలకు 90 భాగములు మించరాదని మన దేశమున 2016లో నియమము చేసిరి. పాత బండి పొట్టమీది రంగు ఆ నియమమునకు ముందే పుట్టినది. తడిపి గోకుట, ముక్కునకు మాస్కు, కండ్లకు అద్దములు, పనివానికి భోజనమునకు ముందు సబ్బునీరు: వీని వెల పైరంగు వెలలో నూరవ వంతు కాదు. యినుమును కాపాడుటకు పదునాలుగేండ్ల కుఱ్ఱవానిని బండి క్రిందికి దూర్చు యజమాని యెంత మంచి పూత పూయించినను, ఆ పని మంచి పని యని మేము చెప్పజాలము.

కడపట నొక చిన్న సంగతి. బండి పేరు ముందరి పలకమీది అంకె కాదు, పలక మాఱవచ్చును. చాసీ యినుముమీద కర్మాగారమువారు కొట్టిన అంకెయే రిజిస్ట్రేషను కాగితములో చేరును. వ్యాను తానే యని నిరూపించునది ఆ క్రిందివైపు యినుమే. కావున గోకునప్పు డా చోట యంత్రము నాపి చేతితో మెల్లగా తుడువవలయును. అచ్చట దళసరి తారు వలదు, అంకెలు కనబడునట్లు పలుచని మైనము రాచి విడిచిన చాలును.