ఏ ఋతువులో దర్శింపవలెను?

గోదావరి తీరమున స్థిరపడిన మిత్రులొకరు నాకు ఉత్తరము వ్రాసినారు. మార్కాపురములో లక్ష్మీచెన్నకేశవస్వామిని, త్రిపురాంతకములో త్రిపురాంతకేశ్వరుని, బాలాత్రిపురసుందరీదేవిని సేవించుకొని, దోర్నాల మీదుగా శ్రీశైలము చేరవలెనని కుటుంబమంతయు సంకల్పించుకొన్నారట. "ఏ ఋతువు మంచిదో తెలుపుడు" అని ప్రశ్న. "కార్తికము" అని ఒక్క మాట వ్రాయబోయి కలము నిలిపితిని. మంచిది సరే, ఎవరికి మంచిది?

యాత్రికుని సౌఖ్యమే ప్రమాణమైనచో జవాబు సులభము. గిద్దలూరు, కంభము, మార్కాపురము నల్లమలకు తూర్పున నున్న మెట్టసీమలు. చైత్రవైశాఖములలో ఇచట ఎండ 40 డిగ్రీలు దాటును. ఆషాఢశ్రావణములలో మబ్బులు కనిపించును గాని వానకు నమ్మకము లేదు. ఆశ్వయుజ కార్తికములలో ఈశాన్యపు వానలు కరుణించిన ఏట గుండ్లకమ్మ పారును, కంభము చెరువు నిండుగా కనిపించును. మార్గశిర పుష్యములలో ఎండ మెత్తబడి, చలి ఇంపుగా నుండును. కనుక కార్తికము మొదలు మాఘము వరకు రమ్మని చెప్పినచో చాలును.

అయితే చెన్నకేశవుని బ్రహ్మోత్సవములు, రథోత్సవము ఎండలు ముదురు రోజులలోనే వచ్చును. మన పెద్దలకు ఎండ తెలియక కాదు. కంది, శనగ ఇంటికి చేరి, రైతు చేతికి తీరిక దొరకు కాలమది. రథపు మోకు పట్టుటకు వేల చేతులు కావలెను గదా! ఉత్సవము ఊరివారి తీరికను బట్టి ఏర్పడినదని నా ఊహ. దూరము నుండి వచ్చువాని సుఖము అందులో లెక్కకు రాలేదు, రానవసరము లేదు కూడ.

ఇక్కడ కొందరు, "ఎండలో కాళ్లు కాల్చుకొని పోవుటయే తపస్సు, చల్లని వేళ చూచి పోవుట విహారము" అందురు. ఉగాదికి కాలినడకన నల్లమల దాటి మల్లికార్జునుని చేరు కన్నడ భక్తులను చూచినపుడు ఆ మాటకు తల వంచవలసినదే. వారి శ్రమ వారిది, వారి చెమట వారిది. కాని మనము చేయు తపస్సుకు వెల ఎవరు చెల్లించుచున్నారో ఒకసారి చూచుకొనవలెను.

కొన్నేండ్ల క్రిందట వైశాఖములో త్రిపురాంతకము దర్శించి తిరిగివచ్చుచు, దారిలో ఒక పల్లెలో బండి ఆపి, ఒక ఇంటి ముందు నిలిచి మంచినీరు అడిగితిని. లోపలినుండి ఒక వృద్ధురాలు చెంబుతో నీరు తెచ్చి, "తాగు నాయనా" అన్నది. నేను సగము త్రాగి, మిగిలిన దానితో అలవాటు ప్రకారము ముఖము, పాదములు కడుగుకొంటిని. ఆమె ఏమియు అనలేదు. నేలపై ఇంకుచున్న ఆ తడిని మాత్రము చూచినది. వాకిట ఒక్క బిందె, దాని పైన పళ్లెము, పళ్లెము పైన రాయి. ట్యాంకరు రెండు దినములకొకసారి వచ్చునని పిమ్మట ఆమె మనుమడు చెప్పినాడు. నేను దేవుని చూచి వచ్చిన పుణ్యములో ఎంత భాగము ఆ నేలలో ఇంకినదో నాకు ఇప్పటికిని తెలియదు.

ఈ సీమలో నీటి కరవు కొత్తది కాదు. భూగర్భజలములలో ఫ్లోరైడు ఉండుటచేత దొరకిన నీరైనను త్రాగుటకు పనికిరాని ఊళ్లున్నవి. పలకలకు ప్రసిద్ధికెక్కిన మార్కాపురములో, ఆ పలకరాయి గనులలో పనిచేయువారికి "మంచి ఋతువు" అను మాటయే లేదు. అది ఎంచుకొనువాడు యాత్రికుడొక్కడే. ఎంచుకొను స్వాతంత్ర్యమున్నవానికి, ఎంచుకొనలేనివారి పట్ల ఒక బాధ్యత కూడ నుండును.

విజయనగర కాలమున గుండ్లకమ్మకు అడ్డముగా కట్టిన కంభము చెరువును వరదరాజమ్మ పేర చెప్పుకొందురు. అంతర్జాతీయ నీటిపారుదల సంఘము 2020లో దానిని వారసత్వ కట్టడముగా గుర్తించినది. ఆమె ఎన్ని క్షేత్రములు దర్శించినదో మనకు పట్టదు. కొండల నడుమ నిలిపిన ఆ నీరు మాత్రము శతాబ్దములుగా పైరులను తడుపుచున్నది.

సుఖము కోరుట దోషమని నేననను. వృద్ధులు, పసిబిడ్డలు గలవారు చలికాలమునే ఎంచుకొనవలెను. అది భక్తికి కొరత కాదు. దానిని సౌఖ్యమని ఒప్పుకొనినచో చాలును, "స్వామి ఆజ్ఞ" అని పేరు పెట్టుకొననక్కరలేదు. రథోత్సవము చూడవలెనని నిజముగా తపించువాడు ఎండలోనే రావచ్చును. అట్టివాడు ఊరివారితో కలిసి మోకు పట్టి, ఊరివారి వలెనే కొలిచిన నీటితో స్నానము చేయవలెను. సత్రములో నలుబదిమంది తలకొక బకెట్టు పోసికొన్నచో ఆ నీరు ఏ వీధికి తగ్గునో అడిగి తెలిసికొనుట కూడ సేవయే.

మిత్రునికి చివరకు ఇట్లు వ్రాసితిని: "మీ తల్లిగారు వెంట వచ్చుచున్నచో మార్గశిరములో రండు. దోర్నాల అడవిదారిలో రాత్రివేళ బండ్లను పోనీయరు, కనుక పగలే దాటుడు. మీరొక్కరే అయినచో తిరునాళ్లకు రండు. వచ్చునపుడు త్రాగునీరు మీరే తెచ్చుకొనుడు, వీలైనచో ఒక క్యాను ఎక్కువ తెండు. దారిలో నేను చెప్పిన ఇంటి గుర్తులు దీని వెనుక వ్రాసినాను."