మెప్పు ఎవరికి చెందును?

కష్టించువానిని మెచ్చుకొనుట న్యాయమే. 1880లో స్కాట్లాండు దేశమందు, డంబార్టన్ పట్టణములో ఓడలు కట్టు డెన్నీ కంపెనీవారు ఒక ఏర్పాటు చేసిరి. పనిముట్టునుగాని, పనిచేయు తీరునుగాని బాగుపరచు ఉపాయము కనిపెట్టిన పనివానికి బహుమానము ఇచ్చుచుండిరి. చేతులకు కూలి యిచ్చుటతో సరిపెట్టక, వాని బుద్ధినికూడ గౌరవించిరి. ఇది మంచి పనియే.

అయితే మనము ఒకటి ఆలోచింపవలెను. ఉపాయము చెప్పినవాడు ఒక్కడు. దానిని పనిలో పెట్టినవారు అనేకులు. కొలిమితిత్తి ఊదినవాడు, యంత్రమునకు నూనె పోసినవాడు, రాత్రివేళ కావలియున్నవాడు, వీరి పేర్లు ఎవరు పిలుతురు? ఒకనికి చప్పట్లు కొట్టి తక్కినవారిని మరచినయెడల, ఆ సన్మానమే పదిమందికి అవమానమగును.

నిర్గమకాండములో గుడారపు పనికి బెసలేలు, అహోలీయాబు పేర్లున్నవి. మేక వెండ్రుకలు వడికిన స్త్రీల పేర్లు లేవు. అయినను వారి పనిని గ్రంథము విడిచిపెట్టలేదు. అందరి పేర్లు వ్రాయుటకు చోటు చాలకపోవచ్చును. వారి పనిని మరచుటకు మాత్రము సాకు లేదు.

కర్మాగారమందైనను, మన కళ్ళమందైనను ఇదే న్యాయము. మెప్పు ఇచ్చువాడు వెనుక వరుసవైపు చూడవలెను. మెప్పు పొందినవాడు తన ప్రక్కవాని పేరు ముందుగా చెప్పవలెను. మెప్పు రానివాడు తన పని చిన్నదని ఎంచుకొనకూడదు.