ఆటలోని యపాయము – పెద్దల ధర్మము

బిడ్డను అపాయమునుండి కాపాడుట పెద్దల ధర్మమనుటలో వివాదము లేదు. కాని యే యపాయమునుండి కాపాడవలెను, దేనిని బిడ్డకే విడిచిపెట్టవలెను అను ప్రశ్నను మనలో ననేకులు ఆలోచించినట్లు కానరాదు. వేపచెట్టెక్కిన కుమారుని గద్దించి దింపిన గృహస్థుడే, ఆ సాయంకాలము తిరునాళ్ళకు బోయి, రుసుము చెల్లించి, తానెన్నడును పరీక్షించి యెరుగని యొక యాటవస్తువులోనికి వానిని నిశ్చింతగా పంపుచున్నాడు. చెట్టు అపాయకరమనియు, డబ్బిచ్చి కొన్న యాట క్షేమకరమనియు ఆయన నమ్మకము. ఆ నమ్మకము సరియైనదేనా యని విచారించుటయే ఈ వ్యాసమున మా యుద్దేశము.

మేము చెప్పదలచిన యాటవస్తువు గాలితో నింపిన కోట. ఆంగ్లమున దీనిని బౌన్సీ కాజిల్ అందురు. గుంటూరు, ఒంగోలు పట్టణముల ఎగ్జిబిషన్లలోను, కలవారి పిల్లల పుట్టినరోజు పండుగలలోను, ఇప్పుడు పల్లెల తిరునాళ్ళలోను ఇది కానవచ్చుచున్నది. ప్లాస్టిక్ పూతగల మందపు గుడ్డను కోటవలెనో, ఏనుగువలెనో, జారుడుబల్లవలెనో కుట్టి, విద్యుత్తుతో తిరుగు పంకాచే లోనికి గాలి నూదుదురు. ఇది బంతివలె ఒక్కసారి గాలి నింపి మూతి బిగించునది కాదు. కుట్ల సందులనుండి గాలి యెల్లప్పుడును వెలుపలికి బోవుచుండును; పంకా ఆ లోటును ఎల్లప్పుడును పూడ్చుచుండును. కమ్మరి కొలిమితిత్తిని చూచినవారికి ఇది సులభముగా బోధపడును. తిత్తి యాగినచో మంట చల్లారినట్లు, పంకా యాగినచో కోట కొలది నిమిషములలో క్రుంగిపోవును.

దీని పుట్టుక చిత్రమైనది. 1950 దశాబ్దపు చివర, అమెరికాలోని లూసియానా రాష్ట్రమున ష్రీవ్‌పోర్ట్ నగరమందు జాన్ స్కర్లాక్ అను ఇంజనీరు, టెన్నిసు ఆటస్థలములపై పరచుటకు గాలితో నిండు కప్పులను సిద్ధపరచుచు, తన పనివారు వానిపై నెక్కి గంతులు వేసి సంతోషించుట గమనించెను. ఆ గంతులనుండియే ఈ యాటవస్తువు పుట్టినది. మంటలంటుకొన్న మేడలనుండి దూకువారిని పట్టుకొనుటకు అగ్నిమాపకదళములు వాడు గాలిపరుపును కల్పించినవాడును ఆయనయే. ఒకే తిత్తి యొకచోట వినోదమును, మరియొకచోట ప్రాణరక్షయు నైనది. ఈ సంగతిని పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక.

మన నల్లరేగడి మైదానపు బిడ్డలకు మెత్తని వస్తువుపై దుముకు సుఖము క్రొత్తది గాదు. పత్తితీతల కాలమున ఇంటి గదులలోను వసారాలలోను పత్తి రాశులు పడియుండగా పిల్లలు వానిలోనికి దుముకుటయు, చెత్త కలసి ధర తగ్గునని పెద్దలు అదలించుటయు ఏటేట జరుగునవే. గడ్డివామి పైనుండి జారుటయు, చెరువుగట్టునుండి నీటిలోనికి గంతు వేయుటయు, కొమ్మనుండి కొమ్మకు ప్రాకుచు కోతికొమ్మచ్చి యాడుటయు అట్టివియే. ఈ యాటలన్నిటిలోను ఒక లక్షణము సమానముగా నున్నది. గంతు వేయుటకు ముందు బిడ్డ యొక్క క్షణ మాగును. ఎంత యెత్తు, ఎంత దూరము, తన కాళ్ళకెంత బలము అని తూచుకొనును. ఆ క్షణములో జరుగు విద్యను ఏ పాఠశాలయు బోధింపజాలదు. దుమికిన పిదప మోకాలు గీసికొనిపోయినచో లెక్క తప్పినదని వానికి తెలియును. మరునాడు లెక్క సరిదిద్దుకొనును. బాలుని దినదినము పచ్చికబయలునకు గొనిపోయి యథేచ్ఛగా పరుగెత్తనిచ్చి, పడనిచ్చి, తానే లేచుట నేర్చుకొననీయవలెనని ఫ్రెంచి తత్త్వవేత్త రూసో 1762లో ప్రకటించిన ‘ఎమీల్’ గ్రంథమున వాదించెను. స్వేచ్ఛవలని యానందము ముందు చిన్న గాయములు లెక్కకు రావని ఆయన మతము.

రూసో చెప్పినది సత్యమే గాని, సంపూర్ణసత్యము గాదు. పడుటవలన బిడ్డ నేర్చుకొనునన్నచో, దేనివలన పడితినో వానికి గోచరింపవలెను. కొమ్మ యెత్తు కంటికి కానవచ్చును. నీటి లోతును కఱ్ఱతో కొలువవచ్చును. కాని పాడుబావి గట్టున మన్ను లోపల గుల్లబారియుండుట, తడి గోడలోనికి విద్యుత్తు దిగియుండుట బిడ్డకు కానరావు. కానరాని యపాయమునుండి ఎవడును ఏమియు నేర్చుకొనడు. నేర్చుకొనుటకు ముందే నశించును. కావున అపాయములు రెండు తెఱగులు. బిడ్డ చూడగలిగి, తూచుకొనగలిగి, తన యిచ్చతో నెదుర్కొనునది యొకటి. బిడ్డ యెరుగక, దాని నెరిగిన పెద్దలు మాత్రమే తొలగింపగలది రెండవది. మొదటిదానిని బిడ్డనుండి తీసివేయుట దొంగతనము వంటిది. రెండవదానిని బిడ్డకు విడిచిపెట్టుట ద్రోహము. ఆటవస్తువును కల్పించువానికిని, నడుపువానికిని, డబ్బిచ్చి బిడ్డను పంపు తండ్రికిని ఈ భేదమే ధర్మసూత్రము కావలెనని మా యభిప్రాయము.

ఈ సూత్రముతో గాలికోటను పరీక్షింతము. దానిని చూచినవాడెవడును భయపడడు. మెత్తదనమే దాని రూపము. కాని దానిలోని ఘోరమైన యపాయము మెత్తదనమున లేదు, తేలికదనమున నున్నది. అంత పెద్ద యాకారము, దాని పరిమాణమునకు తగిన బరువు లేనిది, గాలి కెదురుగా నిలిచినప్పుడు ఓడతెరచాపతో సమానము. గంటకు 38 కిలోమీటర్ల వేగముతో వీచు గాలి, అనగా చిన్న చెట్లు ఊగునంతటి గాలి, తన కెదురైన ప్రతి చదరపు మీటరుపైని సుమారు 7 కిలోల బరువుతో సమానముగా నొత్తును. ఇరువది చదరపు మీటర్ల గోడపై ఆ యొత్తిడి సుమారు 140 కిలోలగును. గాలి వేగము రెట్టింపైనచో ఒత్తిడి రెట్టింపై యూరకుండదు. నాలుగింతలై సుమారు 550 కిలోలగును. ఈ హేతువుచేతనే ఐరోపా దేశముల ప్రమాణము, గాలి 38 కిలోమీటర్లు దాటినచో కోటను వాడరాదనియు, కనీస మారుచోట్ల నేలకు బిగింపవలెననియు విధించినది.

నేలకు బిగించుట యనగానే మన సీమకు ప్రత్యేకమైన చిక్కు వచ్చుచున్నది. నల్లరేగడి వానకు ఉబ్బి జిగురగును. వేసవిలో ముడుచుకొని బీటలువారును. బీట ప్రక్కన దిగగొట్టిన ఇనుప గూటము చూపునకు గట్టిగానే యుండును గాని, త్రాడు లాగినప్పుడు పెళ్ళతోగూడ నూడివచ్చును. ఎఱ్ఱనేలలో నిలిచిన గూటము ఇచట నిలుచునని నమ్మరాదు. పొడవైన గూటములతో పాటు ఇసుకబస్తాల బరువును, వీలైనచో పాతిన స్తంభముల యాధారమును గావలెను. ఈ విద్య మనవారికి తెలియనిది గాదు. మహాశివరాత్రికి కోటప్పకొండకు గ్రామములవారు కట్టుకొనివచ్చు ప్రభలను చూడుడు. ఆకాశమున కెగసిన వెదురుకట్టు, దానికి గుడ్డలు, దీపములు. నలుదిక్కుల మోకులు, ఆ మోకులను పట్టుకొన్న మనుష్యులు. మోకు పట్టినవాడు జనమును చూడడు, మేళమును వినడు. గాలి యెటు తిరిగెనా యని ప్రభను కనిపెట్టియుండును. దేవుని ప్రభకు చూపు ఈ శ్రద్ధలో కొంతయైనను బిడ్డలాడు కోటకు చూపరాదా?

చూపనిచో నేమగునో రెండు దేశములు చెప్పుచున్నవి. 2016లో ఇంగ్లండులోని హార్లో పట్టణమున ఒక గాలికోట, ఏడేండ్ల బాలిక లోనుండగానే, గాలికి కట్లు తెంచుకొని దొర్లిపోయెను, బాలిక మరణించెను. ఘోరమైన యజాగ్రత్తచే మరణమునకు కారకులైరని 2018లో న్యాయస్థానము దానిని నడిపిన యిరువురకు మూడేసి సంవత్సరముల కారాగారము విధించెను. 2021 డిసెంబరు 16న ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపమున డెవన్‌పోర్ట్ నగరమందలి యొక పాఠశాల వేడుకలో, సుడిగాలి కోటను పైకెత్తివేయగా ఆరుగురు పిల్లలు మృతులైరి. ఆ సుడిగాలి ముందుగా నూహింపరానిదని 2025లో అచటి న్యాయస్థానము నిర్వాహకురాలిని నిర్దోషిగా విడిచిపెట్టెను.

ఈ రెండవ తీర్పు వినగానే మనవారు కొందరు నిట్టూర్చి, అంతయు విధి యందురు. మేము దీనికి సమ్మతింపము. ఒకనిని దండింపవచ్చునా యని చూచుట న్యాయస్థానము పని. అది జరిగిపోయినదానిని గూర్చిన విచారణ. రేపేమి చేయవలెనని చూచుట ధర్మము పని. 2021కి ముందు ఊహింపరానిదైనను, ఆరుగురు బిడ్డల ప్రాణములు వెలగా ఇచ్చి నేర్చిన పిదప అది యూహింపరానిదని ఎవ్వరును చెప్పజాలరు. ఎండకాలపు మధ్యాహ్నములలో మన బీళ్ళపై దుమ్మును, ఎండుటాకులను లేపుచు దిరుగు సుడిగాలిని పసివాడు సైతము వ్రేలుపెట్టి చూపును. ప్రతిదినము కంటికెదురుగా దిరుగుదానిని విధి యనుట, తన సోమరితనమును దేవునిపై మోపుటయే.

ఇక రెండవ వంక చూతము. భయము హెచ్చిన నిర్వాహకుడు మరియొక తప్పు చేయుచున్నాడు. గెంతరాదు, పరుగెత్తరాదు, నెట్టుకొనరాదని యీల యూదుచు, రెండు నిమిషములైనంతనే బిడ్డను బయటకు లాగివేయును. అట్లు చేసినచో ఆటయే లేదు; మెత్తని గదిలో నిలుచుండుటయే మిగులును. ఇంతకంటె విచారకరమైన నిషేధము ఇండ్లలో నున్నది. తమ్ముడు లోపల నెగురుచుండగా, పదియేండ్ల యక్క వాని చెప్పులు పట్టుకొని వెలుపల నిలుచుండును. ఆడపిల్ల గెంతరాదట! పడుదునను భయము దానికి లేదు. ఆ భయమంతయు తల్లిదండ్రులదే, అదియు ఎముకలను గూర్చినది గాదు, నలుగురి మాటలను గూర్చినది. తన బలమును తాను తూచుకొను విద్య మగబిడ్డకు మాత్రమే చాలునని యే శాస్త్రమున నున్నది?

అయితే లోపలి దెబ్బలు సామాన్యములని మేము చెప్పము. 2010లో అమెరికాలో ఈ యాటవస్తువులపై గాయపడి ఆసుపత్రుల అత్యవసర విభాగములకు వచ్చిన పిల్లలు దినమునకు సగటున 31 మంది యని వైద్యులు లెక్క గట్టిరి. ఎముక విరుగుట, బెణుకుట వానిలో నెక్కువ. ఇచటను మా సూత్రమే దారి చూపును. తన గంతు తన కెంత యెత్తో బిడ్డ తూచుకొనగలడు. పదునాలుగేండ్లవాడు ప్రక్కన దుమికినప్పుడు తన కాలిక్రింది నేల ఎట్లు లేచునో నాలుగేండ్లవాడు తూచుకొనజాలడు. కావున పెద్దవారిని చిన్నవారిని వేరుచేయుట, గాజులు, పిన్నులు, కళ్ళద్దములు తీయించుట, దిగుచోట పరుపు వేయుట, ఎండలో కాలిన గుడ్డను చేతితో తాకి చూచుట, విద్యుత్తు పోయినంతనే పిల్లలను దింపుటకు ఒక మనిషి కదలక నిలుచుట పెద్దల పని. అంతకు మించి ఎగురుట, పడుట, లేచుట బిడ్డల పని. దానిలో మనకు జోక్యము లేదు.

ఒక యాక్షేపణ మిగిలినది. తిరునాళ్ళలో ఈ కోటను నడుపువాడు ధనికుడు గాడు. అప్పుచేసి కొన్న గుడ్డ, అద్దె పంకా, నాలుగు దినముల యాదాయము. గాలి వీచినదని కోటను దించినచో వాని కూడు పోవును. ఈ మాట నిజము. దీనిని త్రోసివేయువాడు సంస్కర్త గాడు. కాని వాని యాకలిని పిల్లల ప్రాణముతో తీర్చుట న్యాయము గాదు గనుక, ఆ భారమును పంచుకొనవలసినవారు వేరుగా నున్నారు. తిరునాళ్ళ సంఘములును పంచాయతీలును వానివద్ద ఆశీలు వసూలు చేయుచున్నవి. గాలి హెచ్చి కోటను దించిన దినమున ఆశీలు వదలివేయవలెను. ఇసుకబస్తాలను తామే యుంచవలెను. స్థల మిచ్చుటకు ముందు కట్లను చూచుటకు గ్రామములోని యొక కమ్మరినో, ప్రభ కట్టుటలో చేయి తిరిగిన మేస్త్రినో నియమింపవలెను. వీనికి గొప్ప ధనము అక్కరలేదు. కర్తవ్యము తమదని యొప్పుకొనుటయే కావలెను.

రుసుము లేనందున వలగోడ వెలుపల నిలిచి చూచు బిడ్డలను గూర్చియు ఒక మాట. శివరాత్రినాటికి మిరపకోతలు సాగుచుండును. కోతలకు దూరపు సీమలనుండి వచ్చిన కూలీల పిల్లలు కల్లములలో, ఆ ఘాటులో, ఆటస్థలము లేక తిరుగుచుందురు. 2009 విద్యాహక్కు చట్టము ప్రతి పాఠశాలకు ఆటస్థలము విధించినది. ఆ స్థలమున ఇసుక పోసిన గుంత యొకటి, ఎక్కుటకు బలమైన కొమ్మ గల చెట్టొకటి యున్నచో, గాలికోట యిచ్చు సుఖములో ముప్పాతిక వారికి ఉచితముగా లభించును. ఇసుకలో గాజుపెంకులు లేకుండ ఏరుట మన వంతు. ఎంత దూరము దుముకవలెనో వారి వంతు.

కావున గృహస్థులకు మా మనవి యిది. ఈసారి తిరునాళ్ళలో బిడ్డ మీ చేయి లాగినప్పుడు, రుసుము చెల్లించుటకు ముందు కోటచుట్టు ఒకమారు తిరుగుడు. గూటములను కాలితో తన్ని చూడుడు, త్రాళ్ళను లాగి చూడుడు, పంకా ప్రక్కన మనిషి యున్నాడో లేడో చూడుడు, చెట్లకొనలను చూడుడు. సరిగా లేనిచో బిడ్డ యెంత యేడ్చినను వెనుకకు రండు. సరిగా నున్నచో కుమారునితో పాటు కుమార్తెను గూడ పంపి, జాగ్రత్త జాగ్రత్త యని కేకలు వేయక, దూరముగా నిలుచుండుడు.